మందనిచ్చి తెచ్చిన మోటారు

కురుమ కిష్టప్పను మా ఊళ్లో ఇప్పటికీ మోటారు కిష్టప్ప అనే అంటారు. గొర్రెలు అతని దగ్గర అరవై ఏళ్లు ఉన్నాయి. మోటారు ఉన్నది ఐదు రోజులు. అయినా జనానికి ఆ ఐదు రోజులే గుర్తు. ఆ పేరు అంటించిన మనిషి తాండూరు అంజిలయ్య. వాడు పోయి ఆరేళ్లయింది. పోయాడు కదా అని నేను మెత్తగా రాయబోవడం లేదు. బతికున్నప్పుడు వాడి ముఖం మీద అన్న మాటలే ఇక్కడ రాస్తున్నాను.

నేను పాండురంగాన్ని. కోట్‌పల్లికి రెండు మైళ్ల దూరంలో ఉన్న మా ఊరికి మాలీ పటేల్‌గా, అంటే శిస్తు వసూలు చేసే పటేల్‌గా చేశాను, తర్వాత రెండుసార్లు పోటీ లేకుండా సర్పంచ్‌నయ్యాను. మా ఊరి బడిలో మౌల్వీ సాబు దగ్గర ఆరేళ్లు ఉర్దూ చదివాను. అంతకు మించి చదువు లేదు, అవసరమూ రాలేదు. నాలుగూళ్ల దస్తావేజులు చదివించుకోవడానికి నా అరుగు మీదికే వచ్చేవారు. ఈ చుట్టుపక్కల బావి మీద ఆయిల్ ఇంజను మొదట పెట్టింది నేను. వికారాబాదు బస్సు మా ఊరి మీదుగా తిరగాలని పదకొండుసార్లు హైదరాబాదు వెళ్లి వచ్చింది నేను. ఇవన్నీ ఎందుకంటే, ఇంత చేసినవాణ్ణి కాబట్టే కిష్టప్ప నన్ను నమ్మి తాండూరుకు వెంట తీసుకుపోయాడు. ఆ సంగతి దాచిపెట్టి అతని కథ రాయడం కుదరదు.

కిష్టప్పవాళ్ల పెద్దలు చించోళి వైపు నుంచి మందలు తోలుకుంటూ వచ్చి ఇక్కడే ఆగిపోయినవాళ్లు. ఇంట్లో కన్నడం, ఊళ్లో తెలుగు, అంగట్లో వచ్చీ రాని ఉర్దూ. ఒక మాట మొదలుపెడితే మూడు భాషలూ దాటి అవతల తేలేవాడు. ఆరడుగుల మనిషి, భుజం మీద గొంగడి, చేతిలో కర్ర. మందలో తొంభై గొర్రెలుంటే తొంభైకీ పేర్లుండేవి. నేను నవ్వితే, "నీకు కాగితాలల్ల అక్షరాలు గుర్తుంటయి గద పటేలా, నాకు గివి గుర్తుంటయి" అనేవాడు.

పోలీసు యాక్షన్ తర్వాత రోజులు మారాయి. మా చుట్టూ మేతకు వదిలిన బంజరంతా నాగళ్ల కిందికి వచ్చింది. గుట్టల మీది అడవిలోకి గొర్రెలు పోతే పట్టుకుని బందెలదొడ్లో పెట్టేవారు. యాభై రెండో సంవత్సరం ఎండాకాలానికి కిష్టప్ప మందను తోలుకుని పొద్దంతా తిరిగినా వాటి కడుపు నిండేది కాదు. ఒకరోజు వికారాబాదు స్టేషన్ దగ్గర ఉన్ని అమ్మి వస్తూ, అనంతగిరి గుట్ట మీది క్షయ దవాఖానకు రోగులు రైలు దిగి టాంగాల కోసం ఎండలో కూర్చుని ఉండటం చూశాడు. టాంగాలు సగం గుట్ట దాకా పోయి దింపేసేవి. అక్కడి నుంచి దగ్గుకుంటూ నడవడమే. కిష్టప్ప తమ్ముడు శంకరప్ప లారీ డ్రైవరు, లైసెన్సు ఉన్నవాడు. ఒక మోటారు ఉంటే తమ్ముడు నడుపుతాడు, ఇల్లు గడుస్తుంది, మేత కోసం ఎవరి కాళ్లూ పట్టుకోనక్కరలేదు. ఇదీ అతని ఆలోచన. ఆలోచనలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను.

ఆ రోజుల్లో జాగీర్లు పోయిన దొరల పెద్ద భవనాల్లో, అంటే దేవిడీల్లో ఉన్న సామానంతా అగ్గువకు అమ్ముడయ్యేది. అంజిలయ్య ఆ సామాను గంపగుత్తగా కొని తాండూరు స్టేషన్ రోడ్డు మీద దుకాణం నింపాడు. పైన 'జనరల్ డీలర్' అని మూడు భాషల్లో బోర్డు. లోపల గోడ గడియారాలు, పందిరి మంచాలు, హార్మోనియాలు, జింక తలలు, పగిలిన అద్దాలు, ఒక మూలకు షాబాదు బండలు. వాడు ఏది అమ్మినా ఒకే మాట చెప్పి అమ్మేవాడు. గడియారం కొన్నవాడికి మంచం గురించి చెప్పిన మాటే, మంచం కొన్నవాడికి హార్మోనియం గురించి చెప్పిన మాటే. ఆ సామానుతో పాటే వచ్చింది మోటారు. నీలం రంగు, పడవంత పొడుగు, ఎర్ర తోలు సీట్లు, లోపల పూలు పెట్టుకోవడానికి ఒక గాజు గొట్టం కూడా. అది వచ్చిన దేవిడీ దొర నాలుగేళ్ల నుంచి దాన్ని ఇటుకల మీద నిలబెట్టి ఉంచాడని మాకు తర్వాత తెలిసింది.

మేము వెళ్లేసరికి అంజిలయ్య లేచి నిలబడ్డాడు.

"సలాం పటేల్ సాబ్! మీరు మా దుకాణంల అడుగుపెట్టిండ్రంటే ఇయ్యాల మస్తు మంచి రోజు. ఛాయ్ తాగుతరా, సోడా తాగుతరా?"

"మోటారు చూపియ్" అన్నాను.

కిష్టప్ప మోటారు చుట్టూ తిరిగాడు. అతనికి మోటారు తెలియదు, జీవాలు తెలుసు. ముందున్న ఇంజను మూత మీద అరచెయ్యి పెట్టి టక్కున తీసుకున్నాడు.

"సేటూ, కాలుతున్నది. జరమొచ్చిందా దీనికి?"

"జరం కాదప్పా, జోరు! పొద్దుగాల మా మనిషి వాళ్ల మామను స్టేషన్ల దింపి వచ్చిండు. గందుకే గరం ఉన్నది."

మామా లేడు, స్టేషనూ లేదు. ఎవరైనా కొనేవాడు వస్తున్నాడని తెలిస్తే రెండు గంటల ముందే ఆరుగురు కూలీలు నెట్టి దాన్ని లేపి వేడెక్కించి పెట్టేవారు. వేడి మీద ఏ ఇంజనైనా ఒక్క దెబ్బకే లేస్తుంది. ఆయిల్ ఇంజను పెట్టిన నాకు ఆ ముక్క తెలియనిది కాదు. తెలిసీ, ఎర్ర సీట్లో కూర్చున్నాక గుర్తుకు రాలేదు.

అంజిలయ్య మనిషి మమ్మల్ని ఎక్కించుకుని స్టేషన్ నుంచి బండల గనుల దాకా తిప్పాడు. ఆ రోడ్డు అరచేతిలా సాపు. చప్పుడు లేదు, కుదుపు లేదు. తిరిగి వచ్చి దిగాక కిష్టప్ప అడగవలసిన మాట అడిగాడు. అలవాటుగా ఇంటి భాషలో అడిగాడు.

"సేటూ, గాడి చలో ఐతేనప్పా?"

కన్నడంలో చలో అంటే మంచిది అని. బండి మంచిదేనా అని అతని ప్రశ్న.

"చాలూ, చాలూ! ఒకటో నంబరు చాలూ!" అన్నాడు అంజిలయ్య.

కిష్టప్ప ముఖం వెలిగిపోయింది. "ఇన్నవా పటేలా, సేటు తన నోటితోనే చలో అన్నడు" అని నా వైపు తిరిగాడు.

బేరం రూపాయల్లో కాలేదు. మంద ఇస్తే మోటారు ఇస్తానన్నాడు అంజిలయ్య. మాంసానికి హైదరాబాదులో గిరాకీ ఉంది, వచ్చే గురువారం సరుకుల రైలు మాల్‌గాడీలో రెండు డబ్బాలు దొరుకుతాయి, వాటిలో ఎక్కించి పంపేస్తాడు. కిష్టప్ప ఒక్కటే అడిగాడు.

"మా తమ్ముడు శంకరప్ప లారీ మీద రాయచూరు పోయిండు. నాలుగొద్దులల్ల వస్తడు. ఆడొచ్చి ఒకపారి చూస్తె ఇద్దాం సేటూ."

"నువ్వాగుతవ్, గుల్బర్గా డాక్టరు ఆగుతడా? రేపు బయానా పైకం తీస్కొని వస్తుండాయన. పటేల్ సాబ్ ముఖం చూసి నీకిస్తున్న. వద్దంటే చెప్పు, నాకేం ఫికర్ లేదు."

గుల్బర్గా డాక్టరు అనేవాడు పుట్టనే లేదు. అప్పుడు నేనన్న మాట ఇది: "శంకరప్ప ఎందుకు, పక్కన నేనున్న గద. కాగితం రాయించుకుందాం."

అంజిలయ్య ఉర్దూలో కాగితం రాశాడు. గొలుసుకట్టు రాత, చీమలు పాకినట్టు. మంద తీసుకుని మోటారు ఇచ్చినట్టు రాసి, ఏ స్థితిలో ఇచ్చాడో ఒక మాట రాశాడు. కిష్టప్ప నా ముఖంలోకి చూస్తున్నాడు. నేను నిలబడి, పదిమంది వినేటట్టు చదివాను. "చలో హాలత్‌లో ఇచ్చినట్టు రాసిండు. మంచి స్థితిల ఇచ్చిండని. ఇగ వేలిముద్ర పెట్టు."

అతను పెట్టాడు. మోటారు అసలు కాగితాలు, పేరు మార్పిడి చిట్టీ తర్వాత పంపుతానన్నాడు అంజిలయ్య. సరేనన్నాం. మేతకని అప్పటికే తాండూరు పక్క చెల్కల్లో దింపి ఉన్న మంద ఆ సాయంత్రమే అంజిలయ్య బండల దొడ్లోకి చేరింది.

*

అంజిలయ్య మనిషి నడిపి తెచ్చిన మోటారు ఇంటి వాకిట్లో ఆగినప్పుడు కిష్టప్ప భార్య బుగ్గమ్మ కదురుతో ఉన్ని వడుకుతూ వచ్చింది. చూసింది. కదురు ఆగింది.

"మందేది?"

"మంద సేటు కాడున్నది. ఇగ ఇదే మన మంద."

బుగ్గమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. "ఇది ఈనుతదా?"

"నీ యవ్వ, మోటారు ఈనుతదానె?"

"పాలిస్తదా? ఉన్నిస్తదా? చెల్కల తోలి పండపెడితే ఎరువన్న పడ్తదా?"

"గుట్ట మీదికి మనుషులను ఎక్కిస్తది. పైసలిస్తరు."

"తొంభై నోర్లను ఇచ్చి నోరు లేనిదాన్ని పట్కొచ్చినవ్. ఆకలైతే అర్వదు, సస్తే తెల్వదు." అని నా వైపు చూసింది. "పటేలా, గీయనకు తెల్వకపాయె. మీరు పక్కనే ఉంటిరి గద?"

నాతో మా ఊళ్లో ఒక ఆడమనిషి అట్లా మాట్లాడటం అదే మొదటిసారి. నేను ఇంటికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున అది లేవలేదు. పన్నెండు మంది నెట్టారు. కిష్టప్ప జడిసి, రాత్రి చల్లబడిందేమోనని తన గొంగడి తెచ్చి దాని మూతికి కప్పాడు. పిల్లలు చూసి పడీపడీ నవ్వారు. రెండో రోజూ అంతే. మూడో రోజు శంకరప్ప రాయచూరు నుంచి వచ్చి, గొంగడి తీసి, లోపలికి ఒకసారి తొంగి చూసి తల పట్టుకున్నాడు.

"అన్నా, గీ బ్యాటరీ లారీది. దీనిది కాదు. నాకోసం నాలుగు దినాలు ఆగితే నీ సొమ్మేం పోతుండె?"

"పటేలు చదివి చెప్పిండురా."

"పటేలు కాగితం చదివిండు. బండి కిందికి దూరి చూసిండా?"

నేను అక్కడే ఉన్నాను. ఇద్దరూ నన్ను చూడకుండా మాట్లాడుకున్నారు.

శంకరప్ప ఏదో తిప్పలు పడి దాన్ని లేపాడు. నాలుగో రోజు వికారాబాదు స్టేషన్ దగ్గర పెట్టారు. నేనూ వెళ్లాను. నా మాట మీద కొన్నది కాబట్టి దాని మొదటి సవారీ చూడాలనుకున్నాను. మోమిన్‌పేట నుంచి రామమ్మ అనే ఆమె జబ్బు తండ్రిని పట్టుకుని వచ్చింది. ఎర్ర సీటు మీద కూర్చోవడానికి ఆ ముసలాయన భయపడి ధోతీ దులుపుకున్నాడు. స్టేషన్ నుంచి గుట్ట మొదలు దాకా బాగానే పోయింది. గుట్ట ఎక్కడం మొదలుపెట్టాక కింద నుంచి రాళ్లు నమిలినట్టు చప్పుడు. రెండో మలుపు. మూడో మలుపులో పెద్దగా అరిచి ఆగిపోయి, వెనక్కి జారడం మొదలుపెట్టింది. శంకరప్ప బ్రేకు మీద నిలబడ్డాడు. కిష్టప్ప దూకి చక్రాల వెనక బండరాళ్లు పెట్టాడు. ఒక అడుగు అటైతే లోయ.

రామమ్మ కిందికి దిగి, "గిదేం మోటారయ్యా, మా నాయినను దవాఖానకు తీస్కపోతవా, కాటికి తీస్కపోతవా?" అని తిట్టింది.

కిష్టప్ప ముసలాయన్ను గొంగడితో వీపుకు కట్టుకుని, మిగిలిన గుట్టంతా ఎక్కి దవాఖాన మెట్ల మీద దింపి వచ్చాడు. తిరిగి వచ్చేసరికి అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎడ్లను కట్టి మోటారును కిందికి దింపి, స్టేషన్ దగ్గర మిస్త్రీ హన్మయ్య షెడ్డుకు చేర్చాం.

హన్మయ్య గేరుపెట్టె విప్పి, చెయ్యి పెట్టి, పిడికెడు తీసి మా ముందు పోశాడు. నూనెలో ముద్దయిన రంపపు పొట్టు.

"ఇది మోటారా, వడ్రంగి దుకాణమా? పండ్లరిగిపోయిన గేర్ల మధ్యన పొట్టు నింపితే నాలుగు రోజులు సప్పుడు రాదు. సాపు రోడ్డు మీద పెండ్లికూతురు లెక్క పోతది. గుట్టెక్కితే గిట్లనే. దీనికి కొత్త గేర్లు విలాయత్ నుంచి రావాలె, నువ్వు తెప్పిస్తవా?" చక్రాల టైర్లను గోరుతో గీకితే నల్లరంగు లేచి వచ్చింది. కింద దారాలు కనిపించాయి. కాగితాలేవి అని అడిగాడు. లేవన్నాం. "అయితే బాడుగకు తిప్పే పర్మిటు ఈ జన్మల రాదు."

నేను ఒక సీసా అడిగి ఆ పొట్టును అందులో నింపించాను. హన్మయ్య చేత అది ఎక్కడ దొరికిందో ఒక చిట్టీ రాయించి సంతకం తీసుకున్నాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

*

మర్నాడు బుధవారం. గురువారం మాల్‌గాడీ. మంద అందులో ఎక్కితే ఇక దాని మాట లేదు. హన్మయ్య పొట్టు కడిగి చిక్కటి గ్రీజు కూరి, పై గేరు ఒక్కటి పనిచేసేటట్టు చేశాడు. శంకరప్ప నడిపాడు. కిష్టప్ప, పొద్దున్నే ఊరి నుంచి వచ్చిన బుగ్గమ్మ, నేను ఎక్కాం. ధారూరు దాటాక రెండుసార్లు ఆగింది. తాండూరు అంగడి మొదట్లో పూర్తిగా చచ్చింది. దారిన పోయే బండి ఎడ్లను కట్టి లాగించాం. అంగడంతా వెంటపడి నవ్వింది. ఒకడు, "పటేలా, దానికి ఎన్ని పండ్లు?" అని అరిచాడు. ఆ అరుపు మధ్య అంజిలయ్య దుకాణం ముందు దిగాను.

అంజిలయ్య మెట్లు దిగలేదు.

"సేటూ, నీ మోటారు నీకే. నా మంద నాకియ్యి" అన్నాడు కిష్టప్ప.

"ఎందుకియ్యాలె?"

"చలో అన్నవ్. మంచిదన్నవ్."

"నేనెప్పుడు మంచిదన్న?" అంజిలయ్య పకపకా నవ్వాడు. "చాలూ అన్న. చాలూ అంటే నడుస్తది అని. నడిచిందా లేదా? నువ్వే ఎక్కి ఊరేగినవ్. నా ముంగట నడిచింది, నీ ఇంటిదాంక నడిచింది. మంచి చెడ్డ నాకేం ఎరుక? నేను జనరల్ డీలర్‌ని. మంచం అమ్ముత, గడియారం అమ్ముత, మోటారు అమ్ముత. వచ్చినట్టు తీసుకుంట, ఉన్నట్టు ఇస్త."

"కాగితంల చలో అని రాసినవ్" అన్నాను నేను.

"ఏదీ, తియ్యిండ్రి పటేల్ సాబ్."

తీశాను. వాడు వేలు పెట్టి ఒక నిలువు గీత చూపించాడు. "గిదేంది? అలిఫ్ కాదా? అలిఫ్ ఉంటే చాలూ. లేకుంటేనే చలో. ఉర్దూల మంచిదానికి చలో అంటరా ఎవరన్న? మీ మౌల్వీ సాబు గిట్లనే నేర్పిండా?"

నిజమే. దీర్ఘాన్ని చూపే ఒక్క అలిఫ్ గీత. తాండూరులో మూడు భాషలు కలిపి మాట్లాడినట్టే కలిపి రాస్తారనుకుని, చెవిన పడ్డ మాటనే కాగితం మీద చూశాను. నాలుగూళ్ల దస్తావేజులు చదివిన కళ్లు ఆ ఒక్క గీతను మింగేశాయి. చుట్టూ ఉన్నవాళ్లు నా వైపు చూశారు. కిష్టప్ప చూడలేదు. అతను దొడ్డి వైపు చెవి పెట్టి నిలబడ్డాడు.

"గా మూలుగుడేంది?" అన్నాడు.

అంజిలయ్య ముఖం మారింది. కిష్టప్ప ఎవరినీ అడగలేదు. గోడ పట్టుకుని దూకాడు. వెనకే మేము తలుపు దగ్గరికి వెళ్లి చూశాం. గోడ వారన ఏడు గొర్రెలు చచ్చి పడి ఉన్నాయి. మిగతావి కాళ్లు చాపుకుని, ఎడమ డొక్క డప్పులా ఉబ్బి, పళ్లు కొరుకుతూ నిలబడ్డాయి. తూకం పెరగాలని అంజిలయ్య పప్పు మిల్లు నుంచి కందినూక తెప్పించి, నానబెట్టిన జొన్నలు కలిపి తొట్లలో నింపాడు. ఎండు గడ్డి కోసం మైళ్లు తిరిగిన జీవాలు కడుపు పగిలేదాకా తిన్నాయి. మోటారుకు రంగు పూసినట్టే గొర్రెలకూ పూయాలనుకున్నాడు వాడు.

"నిన్నటిసంది గిట్లనే ఉన్నయి. ఏం చెయ్యాలె కిష్టప్పా?" అంజిలయ్య గొంతు పలచబడింది.

అప్పుడు నేను కిష్టప్ప భుజం పట్టుకుని చెవిలో చెప్పాను. "ముట్టకు. వాడు కాగితం చింపేదాంక ఒక్కదాన్ని గూడ ముట్టకు. ఇప్పుడు వాడి జుట్టు నీ చేతుల ఉన్నది."

అది సరైన సలహా. ఏ పంచాయతీలోనైనా ఆ సలహానే ఇస్తాను. కిష్టప్ప నా చెయ్యి విదిలించి కొట్టాడు.

"పటేలా, నీ చదువు నీ కాడ పెట్టుకో. నువ్వు చదివేలోపల ఇంకో పది సస్తయి." ఒక గొర్రె పేరు పెట్టి పిలిచి దాని డొక్క మీద చెవి పెట్టాడు. "నూనె! పల్లి నూనె తెండ్రి! మీ వదినను ఇటు తోలు శంకరా!"

బుగ్గమ్మ అప్పటికే లోపల ఉంది. వెదురు గొట్టంతో ఒక్కొక్కదాని గొంతులో నూనె పోశారు. నోట్లో అడ్డంగా పుల్ల పెట్టి కట్టారు. అంజిలయ్య మనుషులు డబ్బాల కొద్దీ నూనె మోశారు. రెండు మూడు గొర్రెలు త్రేన్చాయి. కిష్టప్ప లేచాడు.

"గిట్ల నిలబడితే సస్తయి. నడవాలె. గేటు తియ్యి సేటూ."

"ఎటు తీస్కపోతవ్?"

"ఎటైతేంది, కడుపు దిగేదాంక నడిపియ్యాలె. వద్దంటే చెప్పు, గీడనే వండుకొని తినుండ్రి."

ఇంకొకటి ముందుకాళ్ల మీద కూలబడింది. అంజిలయ్య రెండు చేతులూ ఎత్తి, "తీస్కపో! ఎంత దూరమన్న తీస్కపో! మీరిద్దరు వెంట పోండ్రిరా!" అని అరిచాడు. అంగడంతా విన్నది.

కిష్టప్ప ముందు, మంద వెనక, బుగ్గమ్మ చివర. మెల్లగా ధారూరు రోడ్డు పట్టారు. నేను బండి మాట్లాడుకుని వెనక వచ్చాను. అంజిలయ్య మనుషులు మూడు మైళ్లు నడిచి, "ఇంకెంత దూరం?" అన్నారు. "కడుపు దిగేదాంక" అన్నాడు కిష్టప్ప. ఇంకో రెండు మైళ్లకు మళ్లీ అడిగారు. మళ్లీ అదే జవాబు. బుగ్గమ్మ వెనక నుంచి, "మీ సేటు జొన్నలు మస్తుగ పెట్టిండు బిడ్డలారా, జల్ది దిగయి" అంది. ఆరో మైలు దగ్గర వాళ్లు చెప్పులు చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగారు. కిష్టప్ప తిరగలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి మంద ఊళ్లోకి వచ్చింది. దారిలో ఒక్కటీ చావలేదు.

*

శనివారం అంజిలయ్య నలుగురు మనుషులతో, కాగితంతో దిగాడు. బస్సులో దిగాడు, మోటారులో కాదు.

"దొంగతనం! నా గొర్లు తోలుకొచ్చిండ్రు!"

కురుమలంతా మూడు మందలు కలిపి మేపుతున్నారు. కర్రలు పట్టుకుని ఇరవై మంది నిలబడ్డారు. బుగ్గమ్మ ముందుకొచ్చి, "దా సేటూ, నీవేవో పట్కొని తీస్కపో" అంది. వాడు మందలోకి దిగి ఒకదాని కాలు పట్టుకున్నాడు. "అది అవతలి మంద మైసమ్మది" అన్నారు. ఇంకోటి పట్టుకున్నాడు. "అదీ మైసమ్మదే. ఆమె ఊకోదు, తంతది" అన్నారు. చెవి కోతలు చూసి పోల్చుకోవాలని కూడా తెలియదు వాడికి. నాలుగోసారికి పేడలో జారిపడ్డాడు.

"పోలీసోళ్లను తెస్త! ఒక్కొక్కన్ని లోపల ఏయిస్త!"

అప్పుడు నేను ఇంట్లోకి వెళ్లి సీసా తెచ్చాను. "తే. వాళ్లకు గిది గూడ చూపిద్దాం. నీ గేరుపెట్టెల వెళ్లింది. హన్మయ్య సంతకం ఉన్నది. నీ మోటారు ఎవరి పేరు మీద ఉన్నదో గూడ అడుగుదాం. తాండూరు అంగడిల నువ్వు తీస్కపొమ్మని అరిచింది ఇన్నోళ్లు వంద మంది ఉన్నరు, వాళ్లను పిలిపిద్దాం."

వాడు సీసా చూశాడు, నన్ను చూశాడు. నోటికి వచ్చినంత తిట్టాడు. నేనూ తక్కువ తిట్టలేదు. బస్సు వచ్చేదాకా ఇద్దరం తిట్టుకున్నాం. మళ్లీ ఆ గొర్రెల కోసం వాడు మా ఊరి పొలిమేర తొక్కలేదు. ఆ రోజు వాణ్ణి వెనక్కి పంపడం నా జీవితంలో నేను చేసిన పెద్ద పనుల్లో ఒకటని ఇప్పటికీ అంటాను. ఆ మోటారుకు కొత్త రంగు వేసి, అదే మాట చెప్పి, వాడు ఒక గుత్తేదారుకు అంటగట్టాడని తర్వాత తెలిసింది. మోటారు కొనదలచినవాళ్లు ఉంటే వినండి. మోటార్లు తప్ప ఇంకేదీ అమ్మనివాడి దగ్గర కొనండి. చల్లగా ఉన్నప్పుడు లేపించి, గుట్ట ఎక్కించి కొనండి. మంచమూ మోటారూ ఒకే నోటితో పొగిడేవాడు రెండింటి గురించీ ఏమీ చెప్పడం లేదని తెలుసుకోండి.

కిష్టప్ప మళ్లీ మోటారు మాట ఎత్తలేదు. మందను వర్షాకాలానికి చించోళి వైపు తోలుకుపోయి మేపుకొచ్చే పద్ధతి పెట్టుకున్నాడు. పెంచి పెంచి నూట ఇరవై చేశాడు. మొన్న కోట్‌పల్లి ప్రాజెక్టు కట్టిన ఏడాది పోయాడు.

అంజిలయ్య బస్సు ఎక్కిన సాయంత్రమే కిష్టప్ప నా అరుగు దగ్గరికి వచ్చాడు. మెచ్చుకోవడానికి వచ్చాడనుకున్నాను. నిలబడే మాట్లాడాడు.

"ఏడు సచ్చినయి పటేలా."

"వాని దొడ్ల సచ్చినయి. వాన్ని అడుగు."

"వాడు అబద్ధం రాయలే. ఏం రాసిండో గదే ఉన్నది. తప్పు చదివింది నువ్వు. సగం నీ మీద ఉన్నది."

"మంద తిరిగొచ్చింది ఎవరి వల్ల? సీసా ఎవరు పట్టిండ్రు? నేను లేకుంటే నీకు ఒక్క గొర్రె గూడ మిగలకపోతుండె" అన్నాను. కోపంగానే అన్నాను. అతను వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఊళ్లో ఎవరి కాగితం వచ్చినా నా అరుగు దాటి కోట్‌పల్లి బడిపంతులు దగ్గరికి పోవడం మొదలైంది. ముందు కురుమలు, తర్వాత మిగతావాళ్లు. రెండేళ్లు నేను పట్టించుకోనట్టు ఉన్నాను. యాభై నాలుగులో కొత్త బడి కట్టడానికి ఊరందరి వేలిముద్రలు కావలసి వచ్చినప్పుడు, కిష్టప్ప పెట్టనన్నాడు. నేను చదివిన కాగితం మీద పెట్టనన్నాడు.

మర్నాడు నాలుగు గొర్రెలు కొని తోలుకుని అతని దొడ్డికి వెళ్లాను. "సగమంటే మూడున్నర. నాలుగు తెచ్చిన" అన్నాను.

కూర్చోమనలేదు. నాలుగింటినీ ఒక్కొక్కటే దగ్గరికి లాక్కుని, నోరు తెరిచి పళ్లు చూశాడు. కనురెప్ప ఎత్తి చూశాడు. గిట్టల మధ్య వేలు పెట్టి చూశాడు. డొక్క మీద చెవి పెట్టి విన్నాడు. ఎండలో నేను నిలబడే ఉన్నాను. ఒకదాన్ని పక్కకు తోశాడు.

"గీ దానికి గిట్ట కుళ్లు మొదలైంది పటేలా. దీన్ని తీస్కపోయి వేరేది పట్కరా. గా కాగితం గూడ తే, పంతులు చదువుతడు, వేలిముద్ర పెడ్త."